ఊక పొగ, బొగ్గు పొగ, మేడ మీద వడియాలు

ప్రశ్న: మాస్టారూ, మాది మండపేటకీ రామచంద్రపురానికీ మధ్య కాలవ గట్టు మీద ఊరు. మా ఇంటికి పావు కిలోమీటరు దూరంలో ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. ఊకతో నడిచే బాయిలరు, సొంత వాడకానికి కరెంటు తీసే టర్బైను ఉన్నాయి. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ మేడ మీద నల్ల నుసి పడుతూనే ఉంది, అలవాటైపోయింది. ఈమధ్య ఊక చాలక లారీలతో బొగ్గు దించుతున్నారు. మొన్న గుమ్మడి వడియాల మీద కప్పిన గుడ్డ తీద్దును కదా, మెత్తటి బూడిద పొర. బొగ్గు పొగలో పాదరసం, సీసం, ఆర్సెనిక్ ఉంటాయని మా అబ్బాయి అంటాడు. మిల్లువాళ్ళు మాది బయోమాస్, పర్యావరణానికి మంచిదని బోర్డు పెట్టుకున్నారు. మూడేళ్ళ మనవరాలు రోజంతా మేడ మీదే ఆడుతుంది. మిల్లు బూడిదతో ఊళ్ళో పల్లాలు పూడుస్తున్నారు, మంచినీళ్ళ చెరువు గట్టుకీ పోశారు. గిన్నెలు తోముకోడానికి మేమూ అదే తెచ్చుకుంటాం. వడియాలు పారెయ్యాలా? పిల్లకి రక్తపరీక్ష చేయించాలా? మిల్లువాళ్ళని ఏమని అడగాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ బూడిదతో గిన్నెలు తోమడం మాత్రం ఈ పూటే ఆపెయ్యండి. మిగతావి నింపాదిగా మాట్లాడుకుందాం.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. మిల్లువాళ్ళ బోర్డు కూడా పూర్తిగా అబద్ధమేమీ కాదు. ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. నిప్పు లోహాన్ని పుట్టించదు, చంపనూ లేదు. మట్టిలోంచి మొక్కలోకి ఎంత ఎక్కిందో, బొగ్గులో ఎంత ఉందో, కాలాక కూడా అంతే ఉంటుంది. మంట చేసే పనల్లా దాన్ని పంచడమే. కొంత పొయ్యి అడుగు బూడిదలోకి, కొంత పొగలో కొట్టుకుపోయే బూడిదలోకి, కొంత ఆవిరిగా గాలిలోకి. మీ మేడ మీదికి ఏ వాటా వస్తోందన్నదే మనం తేల్చుకోవాలి.

రేపు ఉదయం మేడ ఎక్కి ఆ నల్ల నుసి చిటికెడు అరచేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి. వడ్లగింజ పై పొట్టు ఆకారం, ఆ చిన్న పడవలాంటి వంపు, కొన్నింటిలో చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. వేలితో నొక్కితే పొడైపోతుంది. అది ఊక అస్థిపంజరం అనుకోండి. వరి మొక్క మట్టిలోంచి సిలికాను, అంటే ఇసుక సరుకుని, విపరీతంగా పీల్చుకుని పొట్టులో దాచుకుంటుంది. 100 కిలోల ఊక కాలిస్తే 18 నుంచి 20 కిలోల బూడిద మిగులుతుంది. అందులో నూటికి 85 నుంచి 95 వంతులు సిలికానే. కళ్ళలో పడితే గుచ్చుకుంటుంది, ఉతికిన బట్టలు పాడుచేస్తుంది, కానీ లోహాల లెక్కలో ఆ పెద్ద పెద్ద రేకలు చాలా పేదవి.

ఊకలో లోహాలు అసలు లేవని కాదు. నీళ్ళు నిలిచిన చేలో ఆర్సెనిక్ కరిగి కదులుతుంది. వరి వేరు సిలికాను లాక్కునే దారిలోనే దాన్నీ లాక్కుంటుంది. గంగా డెల్టాలో, బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ ఉన్న బోరు నీళ్ళు చేలకి పారించి ఈ బాధ కొనితెచ్చుకున్నారు. మనది గోదావరి కాలవ నీటి సేద్యం, ఆ మేరకు నయం. కాడ్మియం సంగతి తిరగబడి ఉంటుంది. ఫాస్ఫేటు ఎరువులతో పాటు కొద్దికొద్దిగా నేలలో చేరుతుంది గానీ, నీళ్ళు నిలిచినంతకాలం మొక్కకి అంతగా అందదు. చేను ఆరితే అందుతుంది. మొత్తం మీద పాదరసం, ఆర్సెనిక్, సీసం విషయంలో శుభ్రమైన ఊక బొగ్గు కంటే చాలా మేలు. బోర్డులో నిజం అంతవరకే.

ఇక బొగ్గు. మన దేశపు బొగ్గులో బూడిదే నూటికి 30 నుంచి 45 పాళ్ళుంటుంది. బొగ్గులో చెదురుగా ఉన్న లోహం కాలాక ఆ బూడిదలోకి దిగి రెండు మూడు రెట్లు చిక్కబడుతుంది. అన్నీ ఒకేలా దిగితే ఇంత గొడవే లేదు. ఇనుము, అల్యూమినియం లాంటివి అడుగు బూడిదలోనూ పొగ బూడిదలోనూ ఒకే మోస్తరుగా సర్దుకుంటాయి. ఆర్సెనిక్, సెలీనియం, కాడ్మియం, సీసం పొయ్యి వేడికి ఆవిరైపోయి, పొగ చల్లబడే చోట మళ్ళీ గడ్డకడతాయి. అన్నం గిన్నె మూతకి ఆవిరి పట్టి నీటిబొట్లు కట్టినట్టు, ఇవి పొగలో ఎగురుతున్న ధూళికణాల ఒంటికి పడతాయి. బరువుకి బరువు చూస్తే పెద్ద కణం కంటే సన్న కణాలకి పై ఒళ్ళు చాలా ఎక్కువ. కాబట్టి ఈ లోహాలు చిక్కగా పట్టేది అత్యంత సన్నని ధూళికే. మీకు కనిపించి కోపం తెప్పించే నల్ల రేకలకి కాదు. మొన్న గుడ్డ మీద పొరలా పరుచుకుందే, పౌడరులా మెత్తగా, అదే నాకు ఆలోచన కలిగించింది.

పాదరసానిది వేరే దారి. 357 డిగ్రీలకే మరిగిపోయే లోహం అది. పొయ్యిలో వేడి దానికి రెండు మూడు రెట్లు. పొగగొట్టం దాకా వచ్చాక కూడా చాలావరకు ఆవిరిగానే ఉండి గాలిలో కలిసిపోతుంది. నెలల తరబడి తిరిగి ఎక్కడో వానలో దిగుతుంది. అందువల్ల మీ మిల్లు పాదరసం మీ మేడ మీదే పడుతుందని భయపడక్కర్లేదు. అది ఊరందరిదీ, దేశాలన్నిటిదీ. అందుకే మినమాటా ఒప్పందమని దేశాలన్నీ కలిసి ఒకటి రాసుకున్నాయి. 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చింది, మన దేశం 2018లో ఆమోదించింది. ఊక కలిపినందువల్ల ఇక్కడ ఒక మేలు కూడా ఉంది. అరకొరగా కాలిన నల్ల బూడిద, ఊకలోని క్లోరిను కలిసి పాదరసాన్ని కొంత పట్టి ఆపుతాయి.

ఆ క్లోరినే మరోచోట కీడు చేస్తుంది. నేను చాలా ఏళ్ళు ఒక ఫ్యాక్టరీ బాయిలర్ల దగ్గర నీళ్ళు, బూడిద పరీక్ష చేసే కెమిస్టుగా ఉన్నాను. ఊక ధర పెరిగిన సీజనులో కొబ్బరి డొక్కలు, పీచు పొట్టు కలిపేవారు. బాయిలరు ఆపి లోపలికి దిగితే, పొగ చల్లబడే చోట గొట్టాలకి తెల్లటి పక్కు కట్టి ఉండేది. గోకి నీళ్ళలో వేస్తే ఉప్పులా కరిగిపోయేది. సముద్రం దగ్గరి నేలల్లో పెరిగిన కొబ్బరిలో పొటాషియం, క్లోరిను దండిగా ఉంటాయి, వాటి పక్కు అది. సీసం, కాడ్మియం, జింకు క్లోరినుతో కలిస్తే ఇంకా తేలిగ్గా ఆవిరవుతాయి. అంటే బొగ్గులోంచి వచ్చిన సీసానికి కొబ్బరి డొక్కలోని క్లోరిను రెక్కలిస్తుందన్నమాట. దేనికది విడిగా చూస్తే పెద్ద ప్రమాదం లేనివి, కలిసి కాలినప్పుడు వేరేగా నడుస్తాయి. పొయ్యిలోకి పీవీసీ ముక్కలు, టైరు ముక్కలు, రంగులేసిన పాత కలప విసరడం మొదలైతే బయోమాస్ అన్న మాటకే అర్థం పోతుంది. పాత రంగుల్లో సీసం ఉంటుంది. చెద పట్టకుండా మందు ఎక్కించిన కలపలో ఆర్సెనిక్, క్రోమియం ఉండొచ్చు.

అదే ఫ్యాక్టరీలో ఇంకో సంగతి చూశాను, ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. పొగగొట్టానికి ముందు బ్యాగ్ ఫిల్టర్లు, అంటే పొగని వడకట్టే గుడ్డ సంచుల వరస ఉండేది. చిరిగిన సంచులు నెలల తరబడి మార్చలేదు. రాత్రిళ్ళు పొగని వాటి పక్కనుంచి నేరుగా వదిలేసేవారు. నేను రిజిస్టరులో రాశాను, అడిగాను, సమాధానం రాలేదు. తెల్లారేసరికి పక్క వీధిలో ముగ్గులు బూడిదరంగుకి తిరిగి ఉండేవి.

ఈ సంచుల గురించి ఎందుకు చెబుతున్నానంటే, మిల్లులో మీరడగాల్సిన మొదటి ప్రశ్న అదే. చాలా మిల్లుల్లో ఉండేది సైక్లోను ఒక్కటే. పొగని గిరగిరా తిప్పి బరువైన బూడిదని కిందికి రాల్చే గరాటు అది. 10 మైక్రాన్ల పైబడిన రేణువుల్ని బాగానే పడుతుంది. తలవెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు. మనం మాట్లాడుకుంటున్న లోహపు ధూళి ఒక మైక్రాను, ఇంకా తక్కువ. సైక్లోనులోంచి అది ఇట్టే జారిపోతుంది. ఊక ఒక్కటే కాల్చినంతకాలం సైక్లోనుతో నెట్టుకొచ్చారేమో, బొగ్గు కలిపాక అది చాలదు, బ్యాగ్ ఫిల్టరు కావాలి. ఇబ్రహీంపట్నం, పరవాడల్లో ఉన్న పెద్ద థర్మల్ స్టేషన్లలో కరెంటు తంత్రంతో బూడిద పట్టే ఈఎస్పీలు నూటికి 99 పాళ్ళకి పైగా పట్టేస్తాయి. ఒక మైక్రాను లోపు కణాల దగ్గర అవీ తడబడతాయి. ఆ స్టేషన్లకి 2015 డిసెంబరులో కేంద్రం పెట్టిన పరిమితుల్లో లోహమంటూ ఉన్నది పాదరసం ఒక్కటే, ఘనపు మీటరుకి 0.03 మిల్లీగ్రాములు. మన ఊరి గాలికి మాత్రం 2009 జాతీయ ప్రమాణాల్లో సీసం, ఆర్సెనిక్, నికెల్ మూడింటికీ హద్దులున్నాయి. సీసానికి ఏడాది సగటు ఘనపు మీటరుకి 0.5 మైక్రోగ్రాములు, ఆర్సెనిక్‌కి 6 నానోగ్రాములు. అర్జీ రాసేటప్పుడు ఈ అంకెలు పనికొస్తాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది పొగ కాదు, చెరువు గట్టుకి పోసిన బూడిద. లెక్క చూడండి. ఊకతో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే సుమారు కిలోన్నర ఊక కావాలి. ఒక మెగావాటు టర్బైను రాత్రీ పగలూ తిరిగితే రోజుకి 36 టన్నుల ఊక, దగ్గర దగ్గర 7 టన్నుల బూడిద. దాన్నెక్కడో పొయ్యాలి, పల్లం కనిపిస్తే పోస్తారు. మెట్ట ప్రాంతంలో అయితే కింద నీళ్ళు ఎక్కడో లోతున ఉంటాయి. మన డెల్టాలో సార్వా రోజుల్లో నాలుగడుగులు తవ్వితే చెమ్మ తగులుతుంది. పూడ్చిన బూడిద నానుతూనే ఉంటుంది. సీసం, కాడ్మియం పులుపు తగిలితే కరుగుతాయి. బూడిదది క్షార గుణం కాబట్టి అవి కొంత కదలకుండా ఉంటాయి. ఆర్సెనిక్, సెలీనియం, ఒక రకం క్రోమియం అలా కాదు, క్షారపు నీళ్ళలోనూ కదిలిపోతాయి. కాలవలు కట్టేశాక వేసవంతా ఊరు ఆ చెరువు నీళ్ళ మీదే బతకాలి కదా. దాని గట్టుకి బొగ్గు బూడిద పొయ్యకూడదు. పోసింది ఈ వానలకి ముందే ఎత్తించాలి. పంచాయతీలో తీర్మానం పెట్టించండి. ఒక్కరు వెళ్తే పని కాదు, పదిమంది ఆడవాళ్ళు వెళ్ళండి.

చెరువు నీళ్ళు పరీక్షకి ఇచ్చేటప్పుడు గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం అని పేర్లు రాసి అడగండి. ఊరికే నీళ్ళ పరీక్ష అంటే ఉప్పదనం, ఫ్లోరైడు లాంటివి చూసి కాగితం చేతిలో పెడతారు. తాగే నీళ్ళలో ఆర్సెనిక్ లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు, సీసమూ అంతే. ఫలితం వచ్చేదాకా పిల్లకి ఆర్వో నీళ్ళు పట్టండి. కాచి చల్లార్చినందువల్ల క్రిములు పోతాయి గానీ లోహాలు పోవు, నీళ్ళు తగ్గి ఇంకాస్త చిక్కబడతాయి.

ఉత్త ఊక బూడిద దొరికితే పాదుల్లో వేసుకోవచ్చు, మొక్కకి మంచిదే. బొగ్గు కలిసిందో లేదో తెలియాలంటే ఒక చిన్న పని చెయ్యండి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి పొడి బూడిద మీద తిప్పండి. బొగ్గు బూడిదలో అయస్కాంతానికి అంటుకునే నల్ల రేణువులుంటాయి. ఊక బూడిదలో దాదాపు ఉండవు. మిల్లు కుప్పలోంచి తెచ్చిన బూడిద మీదే చూడండి, మేడ మీద ఊడ్చిన దుమ్ము మీద కాదు. గోదావరి ఇసుకలోనూ అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇసుక ఉంటుంది, మోసపోతారు. ఇది పరీక్షశాల ఫలితం కాదు, అనుమానం తీర్చుకోడానికే. ఆనవాలు దొరికితే ఆ బూడిద పాదుల్లోకీ వద్దు, గిన్నెలకీ వద్దు, పళ్ళకి అసలే వద్దు.

మిల్లులో తట్టలతో బూడిద ఎత్తే ఆడకూలీలు మీ ఊళ్ళోవాళ్ళే అయి ఉంటారు. ఊక మరీ ఎక్కువ వేడిలో కాలితే అందులోని సిలికా గాజులాంటి స్థితి నుంచి స్ఫటికంలా మారుతుంది. ఆ ధూళి ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, తగ్గేది కాదు. చీర కొంగు దాన్ని ఆపదు. బూడిదని తడిపి ఎత్తించాలి, ఎన్95 మాస్కు ఇవ్వాలి. మీ అర్జీలో వాళ్ళ మాట కూడా ఒక వాక్యం రాయండి, వాళ్ళంతట వాళ్ళు అడగలేరు.

ఇప్పుడు మనవరాలు. మూడేళ్ళ పిల్లకి గాలిలోంచి వచ్చేదానికంటే నేల మీంచి చేతికి, చేతిలోంచి నోటికి పోయేది ఎక్కువ. మేడని చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డ పెట్టండి. ఆడి దిగగానే సబ్బుతో చేతులు కడగండి. ధనుర్మాసం మంచు పొద్దుల్లో పొగ పైకి పోలేక ఊరి మీదే కూర్చుంటుంది, ఆ వేళ మేడ మీదికి పంపకండి. తోటకూర, గోంగూర ఆకుని నాలుగు నీళ్ళలో కడగండి.

రక్తపరీక్ష అన్ని లోహాలకీ వద్దు, డబ్బు దండగ. పిల్లల డాక్టరుకి చూపించి, ఆయన అవసరమంటే సీసం ఒక్కటే చూపించండి. డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు, ఆ పైన ఉంటే ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. హీమోగ్లోబిన్ కూడా చూడమనండి. ఇనుము తక్కువున్న పిల్ల ఒళ్ళు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది.

అంతకంటే ముందు మీ పెరడు చూసుకోండి. నీళ్ళ కాగు కింద ఏం పెడుతున్నారు? పాత ఇల్లు విప్పినప్పటి రంగు తలుపులు, కిటికీ రెక్కలు ముక్కలు చేసి పెడుతుంటే, ఆ సీసం మిల్లు పొగకంటే పిల్లకి చాలా దగ్గర. రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకు ముందటి తలుపు దేన్నీ నమ్మకండి. భోగిమంటలోనూ అంతే. పాత కుర్చీలు, రంగు చెక్కలు వేసి, భోగిపళ్ళు పోసిన పిల్లల్ని ఆ పక్కనే నిలబెడతాం. పిడకలు, సర్వి కర్ర, తాటాకు వెయ్యండి, పండగకేం లోటు రాదు.

చేపల గురించి మీరడగలేదు గానీ, పాదరసం అన్నాక అడగబోతారు. పాదరసం నీటి అడుగు బురదలో సూక్ష్మజీవుల వల్ల మారి చేపల్లోకి చేరుతుంది. పెద్ద చేప చిన్న చేపని తింటూ పోగా ఎక్కువవుతుంది. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతికి ఆ బాధ తక్కువ. సొర, పెద్ద వంజరం లాంటి వేటాడే సముద్రపు చేపలు చిన్నపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్ళకి తరచు పెట్టకండి.

మిల్లువాళ్ళతో గొడవకి దిగకుండా ముందు కాగితం తెప్పించండి. ప్రతి మిల్లుకీ కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే నడుపుకునే అనుమతి, సీఎఫ్ఓ అంటారు, ఉంటుంది. ఏ ఇంధనం కాల్చాలి, పొగకి ఏ పరికరం ఉండాలి, బూడిద ఎక్కడికి పంపాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఆ ఉత్తర్వు నకలు, చివరిసారి పొగ కొలిచిన నివేదిక నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇంధనం దగ్గర ఊక అని మాత్రమే ఉండి బొగ్గు మాట లేకపోతే మీ పని సగం అయినట్టే. లారీ దిగుతున్నప్పుడు తేదీ పడేలా ఫోటో తీసి పెట్టుకోండి. రెండూ జతచేసి సోమవారం కలెక్టరాఫీసు అర్జీల్లో ఇచ్చి రసీదు తీసుకోండి.

వడియాల సంగతి. నల్ల రేకలు గానీ, మెత్తటి బూడిద గానీ అంటినవి తీసి పారెయ్యండి. గుడ్డ కింద శుభ్రంగా ఉన్నవి నిశ్చింతగా వేయించుకోండి, ఒక్క ఎండలో పడ్డ ధూళికి కుండెడు వడియాలు పారబోసుకోనక్కర్లేదు. ఆ గుడ్డని దులపకండి, నీళ్ళలో జాడించండి. ఇకమీదట బొగ్గు కాలే రోజుల్లో మేడ మీద కాకుండా, మిల్లు గాలి తగలని పక్క వసారాలో పెట్టండి. సీఎఫ్ఓ నకలు చేతికొచ్చాక నాకూ ఒకటి పంపండి. పరికరం పేరు ఏం రాసిందో చూసి, బ్యాగ్ ఫిల్టరు అడగడానికి అర్జీ ఎలా రాయాలో వాక్యాలతో సహా రాసిస్తాను.